కప్పలు, పాములు యూనివర్సిటీలో చదవాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నారు, జువాలజీ ఉంది, చిన్నప్పటి నుంచి కప్పలన్నా పాములన్నా ప్రాణం. ఉభయచరాలు, సరీసృపాల జీవశాస్త్రమే పై చదువుగా తీసుకోవాలని ఉంది. దానికి విడిగా డిగ్రీ ఉంటుందా, లోపల ఏం చెప్తారు, పాములు పట్టడం ఇప్పుడే నేర్చుకుంటే ముందు ఉపయోగపడుతుందా, లెక్కల్లో వెనకబడి ఉంటే నడుస్తుందా, చివరికి పని దొరుకుతుందా? నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. ఎక్కువ కాలం కప్పల అరుపుల మీద పనిచేశాను, మిగతా కాలం విద్యార్థులకు పాఠాలు చెప్పాను. మీరు అడిగిన వరసలోనే చెప్పలేను గానీ అన్నిటికీ జవాబు ఇస్తాను.

ముందు డిగ్రీ సంగతి తేల్చేద్దాం. ఈ శాస్త్రాన్ని హెర్పెటాలజీ అంటారు, పాకే జీవి అని అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి వచ్చింది. ఆ పేరుతోనే బీఎస్సీ ఇచ్చే చోట్లు చాలా అరుదు. మామూలుగా అందరూ నడిచే దారి ఒకటే: జువాలజీ, లైఫ్ సైన్సెస్, ఎకాలజీ, వైల్డ్‌లైఫ్ బయాలజీ, వీటిలో ఏదో ఒక డిగ్రీ, ఆపైన పీజీలోనో పీహెచ్‌డీలోనో కప్ప మీదో బల్లి మీదో థీసిస్. హెర్పెటాలజీ ఉంటే ఒక పేపరుగా ఉంటుంది, అదీ చాలాచోట్ల ఐచ్ఛికమే. కాబట్టి మీరు చూడాల్సింది కోర్సు పేరు కాదు, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరున్నారని. గత ఐదారేళ్లలో వాళ్లు రాసిన పేపర్లు తీసి చదవండి. అన్నీ అర్థం కాకపోయినా పర్లేదు, పద్ధతుల గురించి రాసిన భాగం చదివితే అక్కడి విద్యార్థులు రోజంతా ఏం చేస్తారో తెలిసిపోతుంది. భద్రపరిచిన నమూనాలు ఉన్నాయా అని కూడా అడగండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలోనో వాషింగ్టన్ స్మిత్‌సోనియన్‌లోనో ఉన్నంత సేకరణ అక్కర్లేదు. రెండు బీరువాల సీసాలు ఉండి, వాటిని తీసి చూపించే మనిషి ఒకరుంటే చాలు.

ఇక లోపల ఏం చెప్తారన్నది. సిలబస్ కాగితంలో వర్గీకరణ, శరీర నిర్మాణం, పునరుత్పత్తి, ప్రవర్తన అని పొడిపొడిగా ఉంటుంది. నిజానికి ఈ రెండు గుంపుల్ని ఒకే శాస్త్రంలో పెట్టడానికి బంధుత్వం కారణం కాదు. 1758లో జీవుల వర్గీకరణకు పునాది వేసిన లిన్నేయస్ పాముల్నీ కప్పల్నీ ఒకే తరగతిలో వేశాడు, ఆ అలవాటు మిగిలిపోయింది. పరిణామ వృక్షంలో చూస్తే మొసలికి బల్లి కన్నా పక్షి దగ్గరి చుట్టం. ఇప్పటికి పేరు పెట్టిన ఉభయచరాలు 8,000 పైచిలుకు, అందులో పదింట దాదాపు తొమ్మిది కప్పలే. సరీసృపాలు 12,000 పైచిలుకు. న్యూజిలాండ్‌లో ఉండే టువటారా మాత్రం బల్లిలా కనిపించినా బల్లి కాదు, తన వంశంలో మిగిలిన ఒకే ఒక్క జాతి. ఈ లెక్కలు ఏటా మారుతుంటాయి, పేర్లూ మారుతుంటాయి. పాత పాఠ్యపుస్తకాల్లో రానా టైగ్రీనా అని చదివిన కప్పే ఇప్పుడు హోప్లోబాట్రాకస్ టైగరీనస్. పేరు మారిందంటే చుట్టరికం మీద కొత్త సాక్ష్యం దొరికిందని అర్థం. విసుక్కోకుండా ఎందుకు మారిందో చదివితే సగం వర్గీకరణ అక్కడే వచ్చేస్తుంది.

మరి బంధుత్వం లేనప్పుడు కలిపి ఎందుకు చదవాలి? నా దృష్టిలో కారణం ఒకటే. ఈ జీవుల ఒంటికీ బయటి ప్రపంచానికీ మధ్య గోడ పలచన. మనకు బయట ఎండ కాసినా మంచు కురిసినా లోపల 37 డిగ్రీలే. తొండకు అలా కాదు, తన వేడిని బయటి నుంచి తెచ్చుకోవాలి. శీతల రక్త జీవులు అని బడిలో చెప్తారు గానీ, ఎండ కాచుకున్న ఎడారి ఇగ్వానా అనే బల్లి రక్తం మన రక్తం కన్నా వెచ్చగా ఉండగలదు. ఎడారి సరీసృపాలు ఎండలోకీ నీడలోకీ మారుతూ తమ ఉష్ణోగ్రతను ఎంత కచ్చితంగా అదుపులో పెట్టుకుంటాయో కౌల్స్, బోగర్ట్ అనే శాస్త్రవేత్తలు 1944లోనే చూపించారు. కప్పకు ఇంకో అడుగు ముందుకు వెళ్లాలి: నీళ్లు, లవణాలు, ఆక్సిజన్ కూడా చర్మం గుండా వస్తూ పోతూ ఉంటాయి. కప్ప నోటితో నీళ్లు తాగదు, తడి నేల మీద పొట్ట ఆనించి కూర్చుంటుంది. సలమాండర్లంటే తోక ఉన్న ఉభయచరాలు, వాటిలో ప్లెథోడాంటిడే కుటుంబం వాటికి ఊపిరితిత్తులే లేవు, చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ ఊపిరి తీసుకుంటాయి. సరీసృపాలు పొలుసుల చర్మంతో, పెంకు ఉన్న గుడ్డుతో నీటి వైపు తలుపు చాలావరకు మూసేశాయి, వేడి వైపు తలుపు తెరిచే ఉంచాయి. మీరు చదవబోయే ప్రతి పాఠాన్నీ ఈ తలుపుల దగ్గర నిలబడి చూడండి.

ఈ విషయం పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మంచి మార్కులు తెచ్చుకుని కూడా నేను బయట కప్పల మధ్య పనికి దిగినప్పుడు మర్చిపోయాను. పీజీలో నా మొదటి వానాకాలమంతా రాత్రిళ్లు గుంటల చుట్టూ తిరిగి కప్పల అరుపులు రికార్డు చేశాను. జాతి పేరు, తేదీ, సమయం, చోటు అన్నీ రాశాను. ఉష్ణోగ్రత రాయలేదు. థర్మామీటర్ సంచిలోనే ఉంది, బయటికి తియ్యాలని తోచలేదు. సీజన్ అయ్యాక మా గైడ్ ఒక ఫైలు విని, ఆ రోజు గాలి ఎంత వేడి, నీళ్లు ఎంత వేడి అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కప్ప అరుపు ఒకే మోతలా వినిపించినా అది చిన్నచిన్న దెబ్బల వరస. సెకనుకు ఎన్ని దెబ్బలన్నది కప్ప ఒంటి వేడిని బట్టి మారుతుంది. వెచ్చటి రాత్రి వడిగా, చల్లటి రాత్రి నింపాదిగా. ఉష్ణోగ్రత లేకుండా నా రికార్డింగుల్లో ఒకదాన్ని ఇంకోదానితో పోల్చడం కుదరదు. ఆ పోలికే నా థీసిస్. మరో వానాకాలం దాకా ఆగాల్సి వచ్చింది, ఆ ఏడాది పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

ఇది చిన్న విషయం కాదని చెప్పడానికి ఒక జంట చాలు. ఉత్తర అమెరికాలో బూడిదరంగు చెట్టుకప్పలు రెండు జాతులు, హైలా వెర్సికలర్, హైలా క్రైసోసెలిస్. చూపుతో విడదీయలేం. ఒకదానికి క్రోమోజోములు ఇంకోదానికి రెట్టింపు. అడవిలో వాటిని పోల్చుకునేది అరుపులోని దెబ్బల వేగంతోనే. వెర్సికలర్‌ది నెమ్మది, క్రైసోసెలిస్‌ది వడి. కానీ వెచ్చగా ఉన్న వెర్సికలర్ వేగం చల్లబడిన క్రైసోసెలిస్ వేగానికి దగ్గరగా వచ్చేస్తుంది. మరి ఆడకప్ప ఎలా పోల్చుకుంటుంది? దాని ఒళ్లు కూడా అదే గాలిలో అంతే వేడెక్కి ఉంటుంది, దాని ఇష్టమూ ఉష్ణోగ్రతతో పాటు జరుగుతుంది. నాకు ఈ శాస్త్రం మొత్తంలో ఇంతకన్నా అందమైన సంగతి లేదు.

వేడి పాత్ర అరుపుతో ఆగదు. 1966లో మడ్లీన్ షార్నియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆఫ్రికాలోని ఒక తొండ జాతి గుడ్లను పొదిగిస్తూ, పిల్ల ఆడదా మగదా అన్నది పొదిగే వేడిని బట్టి ఉంటోందని మొదటిసారి రాసింది. ఇప్పుడు అన్ని మొసళ్లలో, చాలా తాబేళ్లలో, కొన్ని బల్లుల్లో ఇదే పద్ధతి అని తెలుసు. సముద్ర తాబేళ్లలో ఇసుక వేడెక్కేకొద్దీ ఆడపిల్లలు ఎక్కువవుతాయి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్లను పరిశీలిస్తే ఇంకా ఎదగని వాటిలో 99 శాతానికి పైగా ఆడవే అని 2018లో తేలింది. డెవలప్‌మెంటల్ బయాలజీ పాఠం, వాతావరణ మార్పు పాఠం ఒకే గూట్లో కలిసే చోటు ఇది.

చర్మం తలుపు సంగతికి వస్తే కప్పల్ని చంపే కైట్రిడ్ బూజు గురించి తప్పకుండా లోతుగా చదవండి. 1989లో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో మొదటి ప్రపంచ హెర్పెటాలజీ సభ జరిగినప్పుడు వేర్వేరు ఖండాల వాళ్లు, మా దగ్గర కప్పలు కనిపించడం లేదు అంటే మా దగ్గర కూడా అని చెప్పుకున్నారు. 1998లో కారణాల్లో ఒకటి దొరికింది, 1999లో ఆ బూజుకు బాట్రాకోకైట్రియం డెండ్రోబాటిడిస్ అని పేరు పెట్టారు. అది కప్ప చర్మం పైపొరలో పెరుగుతుంది. అలాంటిది మనకు వస్తే చర్మవ్యాధితో పోతుంది. కప్పకు మాత్రం చర్మమే లవణాలను కాపాడే అవయవం. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగిపోతుంది. 2019లో వేసిన లెక్క ప్రకారం కనీసం 501 జాతులు ఈ జబ్బుతో తగ్గిపోయాయి, అందులో 90 జాతులు అంతరించినట్టే. అందుకే మేము ఒక గుంట నుంచి ఇంకో గుంటకు వెళ్లేముందు బూట్లు, వలలు తోమి, మందు నీళ్లలో ముంచి, ఆరబెడతాం. ప్రతి కప్పకూ కొత్త గ్లవ్స్ వేసుకుంటాం. మొదట్లో చాదస్తంలా అనిపిస్తుంది. ఒక గుంట జబ్బు ఇంకో గుంటకు మన బూటుతోనే పోతుందని తెలిశాక ఎవరూ విసుక్కోరు.

ఇప్పుడు మీరు ఇష్టంగా అడిగిన ప్రశ్న, పాములు పట్టడం. సూటిగా చెప్తాను: యూనివర్సిటీలో అడుగుపెట్టడానికి అది అర్హత కాదు. వీడియోలు చూసి నేర్చుకోవడం మానెయ్యండి. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో పనిచేసిన జో స్లోవిన్స్కీ తన తరంలో పేరున్న పాముల శాస్త్రవేత్త. 2001 సెప్టెంబరులో మయన్మార్ అడవిలో ఉండగా, విషం లేని జాతి అనుకున్న చిన్న కట్లపాము ఆయన్ను కరిచింది. ఆసుపత్రి అందే చోటు కాదు, మర్నాడు చనిపోయారు. అంతకుముందు 1957లో షికాగో ఫీల్డ్ మ్యూజియానికి చెందిన కార్ల్ ష్మిట్ బూమ్‌స్లాంగ్ అనే ఆఫ్రికా విషసర్పం పిల్ల కాటుతో పోయారు, తన లక్షణాలు తనే నోట్ చేసుకుంటూ. ఇద్దరికీ మనకన్నా ఎంతో ఎక్కువ తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పాముకాటుతో ఏటా 81,000 నుంచి 1,38,000 మంది చనిపోతున్నారు. ఆ లెక్కలో మీరు చేరకూడదు. విషసర్పాలతో పని మీకు తర్వాత వస్తుంది, అనుభవజ్ఞుల పక్కన, అనుమతులతో, విషానికి విరుగుడు ఎక్కడుందో ముందే తెలుసుకుని.

పాముల్ని నిజంగా తెలుసుకునేది సీసాలోని నమూనా దగ్గర. ఒక్కసారి చేసి చూడండి. ట్రేలో తడి గుడ్డ పరిచి, ఆల్కహాల్‌లోంచి తీసిన కట్లపామునీ, దానిలాగే తెల్ల పట్టీలున్న, ప్రమాదం లేని వుల్ఫ్ స్నేక్‌నీ పక్కపక్కన పెట్టండి. రంగు చూడకండి, సీసాలో రంగు పోతుంది, బతికున్న పాములోనూ రంగు మోసం చేస్తుంది. వీపు నడిమి వరస చూడండి. కట్లపాములో అక్కడి పొలుసులు పక్కవాటి కన్నా పెద్దవి, ఆరు కోణాలతో, తలుపు గొలుసులా వరసగా ఉంటాయి. వుల్ఫ్ స్నేక్‌లో నడిమి వరస పక్క వరసల్లాగే ఉంటుంది. ఇప్పుడు తోక అడుగు తిప్పండి. వుల్ఫ్ స్నేక్‌లో అక్కడి పొలుసులు రెండుగా చీలి జతలుగా ఉంటాయి, మామూలు కట్లపాములో చీలిక లేకుండా ఒక్కొక్కటిగా ఉంటాయి. పిన్ను కొనతో ఒక్కో పొలుసూ తాకుతూ లెక్కపెట్టాలి, నూట యాభై దాటాక మనసు పక్కకు పోతే మళ్లీ మొదటికి రావాలి. మా విద్యార్థుల్లో ఎవరు ఈ శాస్త్రంలో నిలబడతారో నాకు ఆ ట్రే దగ్గరే తెలుస్తుంది. ధైర్యం ఉన్నవాళ్లు కాదు, రెండోసారి లెక్కపెట్టేవాళ్లు.

టాడ్‌పోల్, అంటే నీళ్లలో తోకతో ఈదే కప్పపిల్ల, దాని నోరు కూడా అలాగే. మైక్రోస్కోప్ కింద వెల్లకిలా పెడితే పక్షి ముక్కులాంటి నల్లటి చిన్న దవడ, దాని పైనా కిందా దువ్వెన పళ్లలాంటి వరసలు కనిపిస్తాయి. పై వరసలు ఎన్ని, కింది వరసలు ఎన్ని, ఏ వరస మధ్యలో తెగింది అన్నది రాసుకుంటే జాతి గుర్తింపుకు అదొక సూత్రం. గుడ్డు నుంచి కప్ప దాకా పెరుగుదలను గోస్నర్ అనే శాస్త్రవేత్త 1960లో 46 దశలుగా విడగొట్టాడు, ఇప్పటికీ అందరం అదే వాడతాం. చివరి దశల్లో ముందుకాళ్లు బయటికొస్తాయి, ఆ పళ్లు రాలిపోతాయి, నాచు అరిగించుకునే పొడవాటి పేగు పురుగులు తినే కప్పకు సరిపడేంత చిన్నదవుతుంది. ఆ కొద్ది రోజులు అది తిండి తినదు, తోకను కరిగించుకుంటూ బతుకుతుంది. దీన్నంతా నడిపేది థైరాయిడ్ హార్మోన్. 1912లో గుడెర్నాచ్ అనే శాస్త్రవేత్త టాడ్‌పోల్‌లకు థైరాయిడ్ గ్రంథి తినిపిస్తే అవి ముందే కప్పలైపోయాయి. హార్మోన్ల గురించి చెప్పే ఎండోక్రైనాలజీ పేపరు బోర్ అనిపించినప్పుడు ఈ ప్రయోగం గుర్తు తెచ్చుకోండి.

లెక్కల గురించి టెన్షన్ పడొద్దు, కానీ తప్పించుకోవాలనీ చూడొద్దు. మీకు కావాల్సింది ఎక్కువగా స్టాటిస్టిక్స్, అది ఇష్టమైన జంతువు మీద నేర్చుకుంటే వస్తుంది. ఒక చెరువులో 40 కప్పలు పట్టి గుర్తు పెట్టి వదిలారు. వారం తర్వాత 50 పట్టారు, అందులో 10 గుర్తున్నవి. అంటే చెరువులో ఐదోవంతు కప్పలకు మీ గుర్తు ఉన్నట్టు. గుర్తు పెట్టినవి 40 కాబట్టి మొత్తం సుమారు 200. ఇది మీకు అర్థమైతే పునాది పడింది. ఆ తర్వాత వచ్చేవన్నీ, ఈ వారంలో కొన్ని చనిపోతే, కొన్ని వలసపోతే, ఒకసారి పట్టుబడింది రెండోసారి భయపడి దాక్కుంటే లెక్క ఎలా మారుతుందన్నవే. ఈ జీవుల్లో కనిపించకపోవడం అంటే లేకపోవడం కాదు. ఎండిన నెలల్లో నేలలో దూరిన కప్పను ఎంత వెతికినా దొరకదు. ఆ అనిశ్చితిని అంకెల్లో పెట్టడమే స్టాటిస్టిక్స్ పని. దానితో పాటు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం ఇప్పటి నుంచే మొదలుపెట్టండి.

జెనెటిక్స్ గురించి ఎక్కువ చెప్పను, ఏ మంచి డిపార్ట్‌మెంట్‌లోనైనా బాగానే చెప్తారు. ఒక్క హెచ్చరిక: నమూనాను పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో పెట్టకముందే చిన్న కండ ముక్క తీసి విడిగా ఆల్కహాల్‌లో దాచాలి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది.

ఇక పని. దాచను, హెర్పెటాలజిస్ట్ కావలెను అనే ప్రకటన ఎక్కడైనా తక్కువే. నాతో చదివినవాళ్లలో మ్యూజియంలోనో యూనివర్సిటీలోనో కుదురుకున్నవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు ఉపాధ్యాయులయ్యారు, ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావం అంచనా వేసే పనిలో ఉన్నారు, జూలలో అంతరించే జాతుల్ని పెంచే విభాగంలో ఉన్నారు, జబ్బుల మీద, విషాల మీద పనిచేస్తున్నారు. విషం రంగాన్ని చిన్నచూపు చూడకండి. బీపీ తగ్గించే కాప్టోప్రిల్ బ్రెజిల్ పాము బోత్రోప్స్ జరారాకా విషం మీద పరిశోధనలోంచే వచ్చింది. మధుమేహానికి వాడే ఎక్సెనటైడ్‌కు మూలం గీలా మాన్‌స్టర్ అనే బల్లి లాలాజలం. అందుకని నా సలహా, ఒక జంతువుతో పాటు ఎక్కడైనా పనికొచ్చే ఒక పద్ధతి గట్టిగా చేతపట్టుకోండి: శబ్ద విశ్లేషణో, మొత్తం డీఎన్ఏను చదివే జీనోమిక్సో, గణాంకాలో, కణజాలాల్ని పరిశీలించే హిస్టాలజీయో. కప్పల ప్రాజెక్టు నిధులు అయిపోయిన ఏడాది అదే మిమ్మల్ని నిలబెడుతుంది.

డిగ్రీ అయ్యేలోపు ఏం చేయాలని మీరు అడగలేదు గానీ, అదే అన్నిటికన్నా ముఖ్యం. మీకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక గుంటో, ఒక గోడో ఎంచుకోండి. గోడ మీద బల్లులైనా సరే, అరుదైన జాతి అక్కర్లేదు. వారానికి ఒకే రోజు, ఒకే సమయానికి, ఏడాది పొడుగునా వెళ్లండి. దేన్నీ పట్టుకోవద్దు. ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి, ఎంత ఎత్తులో ఉన్నాయి, దీపం దగ్గరా చీకట్లోనా అన్నది అక్కడే నిలబడి రాయండి, ఇంటికొచ్చాక కాదు. బర్క్‌లీలో వెర్టిబ్రేట్ జువాలజీ మ్యూజియం మొదటి డైరెక్టర్ జోసెఫ్ గ్రిన్నెల్ తన మనుషులతో వందేళ్ల క్రితం ఇలాగే ప్రతిరోజూ రాయించాడు. ఆ నోట్‌బుక్కులు పట్టుకునే ఇప్పటివాళ్లు అవే చోట్లకు వెళ్లి ఏమేం మారాయో కొలిచారు. ఏమీ కనిపించని రోజు సున్నా అని రాయండి, ఖాళీ వదలకండి.

పీజీ కోసం ఒక ప్రొఫెసర్‌కి ఈమెయిల్ రాసేటప్పుడు, నాకు పాములంటే చాలా ఇష్టం అని కాకుండా, ఆ ఏడాది నోట్సులోంచి మీకు అర్థంకాని ఒక్క సంగతి రాసి అడగండి. నేను అలాంటి ఉత్తరాలకు అదే రోజు జవాబిస్తాను, నాకు తెలిసిన చాలామంది కూడా అంతే. నోట్‌బుక్ ప్రతి పేజీ పైన తేదీ, సమయం, చోటు వేసి, వాటి పక్కనే గాలి ఉష్ణోగ్రత, గుంట అయితే నీటి ఉష్ణోగ్రత కూడా వెయ్యండి.